పదిహేనుకు పదకొండు

వరంగల్‌లో ఏ పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీలోనైనా ఒక్క రాత్రి డ్యూటీ చేసినవారికి, ఈ నగరం ఎన్ని భాషల కూడలిలో ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. మహబూబాబాద్, నర్సంపేట వైపు తండాల నుంచి లంబాడీ, ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల నుంచి కోయ, నగరంలోని బస్తీల నుంచి ఉర్దూ, రైసు మిల్లుల్లో బస్తాలు మోసే బీహారీ హమాలీల నుంచి హిందీ, కాజీపేట జంక్షన్‌లో రైలు దింపిన ప్రయాణికుల నుంచి మిగిలిన దేశభాషలు, అన్నీ ఒకే ద్వారం గుండా స్ట్రెచర్ మీద లోపలికి వస్తాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగినప్పుడు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల నుంచి వచ్చిన భక్తులు కూడా తోడవుతారు. తెల్లకోటు వేసుకున్నవారి పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఎంబీబీఎస్ సీట్లు 15 శాతం, పీజీ సీట్లు 50 శాతం అఖిల భారత కోటా కింద నిండుతాయి కనుక, కేరళ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చిన యువ వైద్యుడు ‘నొప్పి ఎక్కడ?’ అనే రెండు తెలుగు మాటలను కంఠస్థం చేసి రోగి ముందు నిలబడతాడు. ప్రశ్న వరకు ఇబ్బంది లేదు. కష్టమంతా జవాబుతోనే మొదలవుతుంది.

నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత ఉన్నదో చెప్పమని అడిగితే, పరకాల వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కాసేపు లెక్క వేసుకుని, ‘రూపాయికి పన్నెండణాలు ఉంటది సారూ’ అన్నారు. డాక్టరు గారు ఫోన్‌లో అణాల లెక్క వెతికి, కేస్‌షీట్ మీద ఏడున్నర అని వేశారు. నిజానికి అంత కచ్చితమైన జవాబు ఆ రాత్రి మరెవ్వరూ ఇవ్వలేదు.

అనువాదానికంటూ మా దగ్గర ప్రత్యేకంగా ఉద్యోగి ఎవరూ లేరు. ఆ బాధ్యత స్ట్రెచర్ తోసే అన్న మీదనో, ఆయమ్మ మీదనో, సెక్యూరిటీ గార్డు మీదనో పడుతుంది. వీరెవరూ దొరకనప్పుడు రోగి వెంట వచ్చిన బంధువే గతి. ఈ బంధువుల అనువాదంలో ఒక విశేషం ఉన్నది. రోగి మూడు నిమిషాలు చేతులు తిప్పుతూ, మధ్యమధ్య కళ్లు ఒత్తుకుంటూ చెప్పినదంతా విని, వారు మన వైపు తిరిగి ‘ఏం లేదంటున్నది సార్’ అంటారు.

ఒకనాటి అర్ధరాత్రి 108 వాహనంలో ఒక లంబాడీ అవ్వ వచ్చింది. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి, మోచేతికి గీతలు. వెంట ఇరవై ఏళ్ల మనవడు. మంచం మీది నుంచి పడిందని అతను చెప్పాడు. డ్యూటీలో ఉన్న హౌస్‌సర్జన్ కరీంనగర్ యువకుడు, బుద్ధిమంతుడు. తలకు దెబ్బ అనగానే గ్లాస్గో కోమా స్కేలు తీశాడు. రోగికి స్పృహ ఎంత ఉన్నదో లెక్కగట్టడానికి 1974లో గ్లాస్గో నగరపు వైద్యులు తయారుచేసిన ఈ కొలతలో కళ్లు తెరవడానికి నాలుగు, మాటకు అయిదు, కదలికకు ఆరు, మొత్తం పదిహేను మార్కులు. అవ్వ కళ్లు తెరిచే ఉన్నాయి. తెరవడమే కాదు, మనవడిని గుచ్చిగుచ్చి చూస్తున్నాయి. నాలుగు వచ్చాయి. ‘దయచేసి మీ కుడిచేతిని పైకి ఎత్తండి’ అని డాక్టరు అడిగాడు. అవ్వకు సంతలో బేరమాడే తెలుగు బాగానే వచ్చును కానీ, ఈ ఆసుపత్రి తెలుగు ఆమె ఎన్నడూ వినలేదు; పైగా అప్పటికే ఆమె ఎవరినో తిట్టే పనిలో తీరిక లేకుండా ఉన్నది. కనుబొమ్మ మీద నొక్కి చూస్తే డాక్టరు చేతిని విసురుగా తోసివేసింది. దానికి అయిదు. ఇక మాట విషయానికి వస్తే, ఆమె ధారాళంగా మాట్లాడుతూనే ఉన్నది గానీ ఒక్క ముక్క కూడా అతనికి అర్థం కాలేదు. అర్థం కాని శబ్దాలకు ఆ స్కేలులో రెండు మార్కులే. మొత్తం పదకొండు. అంటే తలకు మధ్యస్థాయి గాయమన్నమాట. వెంటనే సీటీ స్కాన్‌కు చీటీ రాశాడు.

భాష అడ్డు వచ్చినప్పుడు మాట దగ్గర అంకె వేయకుండా, పరీక్షించడం వీలుకాలేదని రాయాలని ఇప్పటి నియమాలు చెబుతాయి. రాత్రి ఒంటిగంటకు, ఆరు స్ట్రెచర్ల మధ్యన, ఆ నియమం ఎవరికి గుర్తుంటుంది?

అవ్వ ఏమంటున్నదో కనుక్కోమని మనవడిని అడిగితే, షరా మామూలే: ‘ఏం లేదంటున్నది సార్.’

అప్పుడు పక్క బెడ్ దగ్గర కుట్లు వేస్తున్న రాజస్థాన్ పీజీ డాక్టరు తల ఎత్తాడు. చేరి నెల కూడా కాలేదు. తెలుగు రాదని మేమంతా అతనిని ఆట పట్టిస్తూ ఉండేవాళ్లం. లంబాడీలు తరాలుగా తెలుగువారి మధ్యనే బతుకుతున్నా, వారి భాష రాజస్థానీకి దగ్గరి చుట్టమని మాలో ఎవరికీ తట్టలేదు. అతను గ్లవ్స్ తీసి వచ్చి, తన మార్వాడీలో ఏదో అడిగాడు. అవ్వ తిట్లు టక్కున ఆగిపోయాయి. తరువాత ఇద్దరూ చెరో భాషలో, సగం మాటలతో, సగం సైగలతో చాలాసేపు మాట్లాడుకున్నారు.

తేలినదేమిటంటే, ఆమె ఏ మంచం మీది నుంచీ పడలేదు. ఫోన్ మాట్లాడుతూ బండి నడిపిన మనవడు, చెరువు కట్ట మలుపులో వెనక కూర్చున్న ఆమెను కింద పడేశాడు. ఇంట్లో చెబితే తండ్రి బండి తాళం లాక్కుంటాడని దారి పొడవునా బతిమాలుకున్నాడు. ఆమె మాత్రం వచ్చినప్పటి నుంచీ ఊరు, వేళ, మలుపు, ఫోన్ సహా సాక్ష్యం చెబుతూనే ఉన్నది. అంత వివరంగా సాక్ష్యమిచ్చిన మనిషికి మాట కింద మేము వేసినవి రెండు మార్కులు!

స్కోరు కొట్టివేసి పదిహేను చేశారు. వయసు దృష్ట్యా స్కాన్ మాత్రం తీశారు. అందులో ఏమీ లేదు. రోడ్డు ప్రమాదమని తేలడంతో మెడికో లీగల్ కేసు రాసి పోలీస్ అవుట్‌పోస్టుకు కబురు పంపాక, మనవడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అవ్వ అతని వైపు తిరిగి కూడా చూడలేదు. పీజీ డాక్టరు చేయి పట్టుకుని ఏదో అడిగింది. ఈసారి అతనికి సగం కూడా అర్థం కాలేదు.

‘నీది ఏ తండా అని అడుగుతున్నది సార్,’ అన్నాడు మనవడు, ఒక్క అక్షరం కూడా మింగకుండా. ‘జోధ్‌పూర్’ అని డాక్టరు చెప్పగానే అవ్వ కాసేపు ఆలోచించి, ఈసారి స్పష్టమైన తెలుగులోనే అడిగింది: ‘అది డోర్నకల్‌కు ఇవతలనా, అవతలనా?’