డిప్‌స్టిక్ నాడీ వైద్యం

పాత కారు బోనెట్ ఎత్తడమంటే ఉచిత వైద్య శిబిరం తెరవడమే. అరనిమిషంలో నిపుణులు చేరిపోతారు. వారిలో పెద్దాయన నన్ను అడగకుండానే, ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల అదే డిప్‌స్టిక్, లాగుతాడు.

ఇక ఆ పరీక్ష చూసి తీరాలి. కొసన వేలాడే బొట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్లు అరమోడ్చి నలుపుతాడు. వేళ్లు మెల్లగా విడదీసి తీగ ఎంత సాగుతుందో చూస్తాడు. వెలుతురుకు పట్టి చూస్తాడు. వాసన చూస్తాడు. నాలుకకు రాసుకుంటాడేమోనని నేను భయపడేలోపు తీర్పు వస్తుంది: "పలచబడింది. చిక్కనిది పోయండి." తర్వాత ఆ వేళ్లు తుడుచుకోవడానికి నా చొక్కా వైపు చూస్తాడు.

అయ్యా, ఇంజిన్ ఇప్పుడే ఆపాను. వేడెక్కితే నూనె పలచబడుతుందని వంటింట్లో బాణలిని అడిగినా చెబుతుంది. ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ-50 అనే చిక్కదనం గ్రేడు ఉందంటే చలిలో 20 గ్రేడులా, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 50 గ్రేడులా ఉండాలని లెక్క. దాన్ని కొలిచే పరికరాలున్నాయి. పాపం, వాటికి వేళ్లు లేవు.

రెండో వైద్యుడు సింథటిక్ ఆయిల్ పోస్తే, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లన్నీ కారిపోతాయంటాడు. అవి ముందే పగిలి ఉన్నాయి, మడ్డి అడ్డుపడి ఆగింది, అంతే. మూడో ఆయన అసలైన ఆధునికుడు. కొత్త కార్లకు పోసే పలచటి ఆయిలే అన్నిటికన్నా మేలైనదట.

ఆ ఆయిల్‌లో జింక్ ఎంత ఉందని మాత్రం ఒక్కరూ అడగరు. పాత ఇంజిన్లు చాలావాటిలో, వాల్వును తెరిచేందుకు కదిలే ట్యాపెట్‌కు రోలర్ ఉండదు. కామ్‌షాఫ్ట్ అనే కడ్డీ మీది ఉబ్బు, అదే కామ్ ముక్కు, దాన్ని రుద్దుకుంటూనే తిరుగుతుంది. ఆ ఒరిపిడిలో లోహం మీద రక్షణ పొర వేసేది ఆయిల్‌లో కలిపే, జింక్, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే రసాయనం. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడు చేస్తుందని, కొత్త కార్ల పలచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 800 పీపీఎంకు, అంటే పది లక్షల్లో 800 వంతులకు, మించనివ్వడం లేదు; దాంతో పాటే జింకూ తగ్గుతుంది. వాటికి అది న్యాయమే. నా కారుకు కన్వర్టరే లేదు! 800కూ 1200కూ తేడా ఏ వేలికి తెలుస్తుంది?

ఆ ఆధునికుడి మాట నేనూ ఒకసారి విన్నాను. రెండు కామ్ ముక్కులు అరిగి గుండ్రమయ్యాయి. వాల్వులు సగమే తెరుచుకుని ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టింది. విప్పిన కామ్‌షాఫ్ట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రోజు శిబిరంలో ఒక్క వైద్యుడూ లేడు. నా కన్నా ముందు పుట్టిన ఇనుమును నోటి దురదకు చంపేశారు కదయ్యా! తెలియదు అనే నాలుగు అక్షరాలు పలకడానికి మీకు అంత నొప్పా?

ఏ గ్రేడు పోయాలో, ఎన్ని లీటర్లు పట్టాలో కారుతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. జింక్ మాట అందులో లేదు, అప్పట్లో ఆ బెంగ లేదు కనుక. మొన్న దాన్ని తీసి పెద్దాయన చేతికిచ్చాను.

ఒక పేజీని రెండు వేళ్ల మధ్య పెట్టి కాసేపు నలిపాడు.

"బాగా పలచబడింది" అన్నాడు.