కవిగారూ, కవిగారి అభిమానీ

మా బావ కవిత్వం రాస్తాడు. ఆ కవిత్వానికి ఒక వీరాభిమాని కూడా ఉంది. అదీ బావే. కవితల సైటులో సొంత పేరుతో ఒక అకౌంటు, 'వెన్నెల' పేరుతో ఇంకొకటి. ఎడమ విండోలో కవి, కుడి విండోలో అభిమాని. ఏర్పాటు బాగానే ఉంది.

కుడి విండో తెరిస్తే అందులోనూ కవిగారే ప్రత్యక్షం. విసుక్కుని లాగవుట్ కొట్టి వెన్నెలగా లాగిన్ అయ్యాడు. ఇంతలో కవిత కింద ఎవరో సందేహం అడిగారు. జవాబిద్దామని ఎడమ విండో రీలోడ్ చేస్తే అక్కడా వెన్నెలే! తిట్టుకుంటూ మళ్లీ సొంత పేరుతో లాగిన్ అయి జవాబిచ్చాడు. తర్వాత కుడి విండోకి వచ్చాడు. పైన 'వెన్నెల' అనే ఉంది. ధైర్యంగా టైపు చేశాడు: "గురువుగారూ, కన్నీళ్లు ఆగడం లేదు. మీ అంతటి కవి ఈ తరంలో లేడు."

పోస్టు కొట్టాడు. కవిత కింద, కవి పేరుతోనే పడింది.

రీలోడ్ కాని పేజీ మీద పేరు పాతదే ఉంటుంది. సర్వర్ చూసేది ఆ పేరుని కాదు, కుకీని, అంటే లాగిన్ అయినప్పుడు సైటు బ్రౌజర్‌లో పెట్టే గుర్తింపు చీటీని. విండోలు ఎన్ని తెరిచినా ఒక ప్రొఫైల్‌కి, అంటే బ్రౌజర్‌లో ఒక మనిషికని కేటాయించిన వాటాకి, కుకీల డబ్బా ఒక్కటే. ఇంటికి రెండు తలుపులున్నంత మాత్రాన లోపల రెండు సంసారాలుండవు కదా!

బావ ఒప్పుకోలేదు. "ప్రాసెస్‌లు వేరువేరురా!" అంటూ షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి క్రోమ్ టాస్క్ మేనేజర్ చూపించాడు. ప్రాసెస్ అంటే కంప్యూటర్‌లో విడిగా నడిచే పని. అవి వేరే, నిజమే. ఒక పేజీ కూలితే మిగతావి బతకాలని 2008లో వచ్చినప్పటి నుంచీ క్రోమ్ అలాగే పనిచేస్తోంది. అది ప్రాణాల సంగతి, పేర్ల సంగతి కాదు. ఒక ప్రాసెస్‌ని చంపి చూశాడు. పేజీ పోయింది, లాగిన్ మాత్రం నిక్షేపంగా ఉంది.

"అయితే ఇన్‌కాగ్నిటో!" అన్నాడు. మూసేశాక లాగిన్లు గుర్తుంచుకోని ఆ విండోలు రెండు తెరిచి, ఒకదాంట్లో కవిగా, తర్వాత ఇంకోదాంట్లో వెన్నెలగా లాగిన్ అయ్యాడు. అవీ తమలో తాము ఒకే డబ్బా పంచుకుంటాయి, ఆఖరి విండో మూసేదాకా. రీలోడ్ చేస్తే రెండింట్లోనూ వెన్నెలే నవ్వింది.

"ఇంకో ప్రొఫైల్ పెట్టుకో బావా" అన్నాను. "అది తర్వాత, ముందు ఆ కామెంటు తీసేయాలి" అంటూ కంగారులో చేతికందిన విండోలోనే డిలీట్ కొట్టాడు.

"ఈ వ్యాఖ్య మీది కాదు. తొలగించే హక్కు మీకు లేదు."

సరైన విండో వెతుక్కుని తీసేసేలోపు దాని కింద ఒక జవాబు చేరింది: "ఆత్మవిశ్వాసం అంటే ఇదీ!"