టామ్‌వర్త్‌కు దక్కని రెండో మ్యాచ్

2025 జనవరి 12న టామ్‌వర్త్ మైదానంలో, ఇంగ్లండ్‌లో పెద్దా చిన్నా క్లబ్బులు కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్ మ్యాచ్. తొంభై నిమిషాలు పూర్తయ్యేసరికి స్కోరు 0-0. ఆతిథ్య జట్టు ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అయిదో అంచెకు చెందినది. ఆటగాళ్లలో చాలామందికి వారమంతా వేరే ఉద్యోగాలు. గోల్‌కీపర్ జాస్ సింగ్ భవనాల సర్వేయర్. ఎదుట నిలిచింది అగ్ర అంచె అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆడే టోటెన్‌హామ్. కృత్రిమ పచ్చిక పరిచిన ఆ చిన్న మైదానంలో టామ్ టాంక్స్ పక్క గీత దగ్గర బంతి అందుకుని గోల్ ముందుకు విసిరిన ప్రతిసారీ కోట్లు పోసి కొన్న డిఫెండర్లు తడబడ్డారు. చిన్న జట్టు పెద్ద జట్టును నిలబెట్టేసింది.

అంతకు ఏడాది ముందైతే ఆట అక్కడితో ఆగేది. డ్రా అయితే ఆడించే రెండో మ్యాచ్, అంటే రీప్లే, లండన్‌లో, 62 వేల మందికి పైగా పట్టే టోటెన్‌హామ్ స్టేడియంలో జరిగేది. టికెట్ల రాబడిలో ఖర్చులు పోగా సగానికి కాస్త తక్కువ వాటా టామ్‌వర్త్ ఖాతాలో పడేది. ఓడినా సరే, క్లబ్బు కొన్నేళ్లపాటు ఊపిరి పీల్చుకునేది. కానీ 2024-25 ఎఫ్‌ఏ కప్‌లో రీప్లేలు లేవు. అదనపు సమయం మొదలైంది. బెంచీ మీద నుంచి సన్ హ్యుంగ్-మిన్, కులుసెవ్‌స్కీ లేచి వచ్చారు. 101వ నిమిషంలో బంతి టామ్‌వర్త్ ఆటగాడికే తగిలి గోల్‌లోకి దూరింది. చివరికి 3-0. రికార్డు పుస్తకంలో మామూలు ఓటమిగానే మిగిలిపోతుంది.

నేపథ్యం ఇదీ. 2024 ఏప్రిల్‌లో ఈ కప్ నిర్వహించే ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ), ప్రీమియర్ లీగ్ కలిసి ఆరేళ్ల ఒప్పందాన్ని ప్రకటించాయి. అందులో భాగంగా మొదటి రౌండ్ నుంచే రీప్లేలు రద్దయ్యాయి. యూరప్ పోటీలు పెరిగాయి, తేదీలు చాలడం లేదు, ఆటగాళ్లు అలసిపోతున్నారు అన్నది చెప్పిన కారణం. కింది డివిజన్ల క్లబ్బులు మమ్మల్ని అడగనే లేదని మొత్తుకున్నాయి. 700కు పైగా జట్లు ఆడే పోటీ రాత మార్చేటప్పుడు ఇరవై క్లబ్బుల లీగ్‌తో మాట్లాడితే సరిపోతుందని అసోసియేషన్ భావించింది. ఇక్కడే నా అభ్యంతరం మొదలవుతుంది.

రద్దును సమర్థించేవారి వాదన వినసొంపుగానే ఉంటుంది. రీప్లేలు లేని తొలి సీజన్‌లోనే రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్ పట్టికలో అట్టడుగున ఉన్న ప్లిమత్ ఆర్గైల్ లివర్‌పూల్‌ను 1-0తో ఇంటికి పంపింది. ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్ 1-0తో మాంచెస్టర్ సిటీని ఓడించి తన చరిత్రలో తొలి పెద్ద ట్రోఫీ అందుకుంది. ఒకే మ్యాచ్‌లో తేలిపోతే చిన్న జట్లకే మేలని, రెండో మ్యాచ్‌లో పెద్ద జట్టు తేరుకుంటుందని వారంటారు. టోటెన్‌హామ్ ఆ సీజన్‌లో గాయాలతో సతమతమైన మాట కూడా నిజమే.

అయితే ప్లిమత్ విజయమూ, ప్యాలెస్ విజయమూ మామూలు తొంభై నిమిషాల ఆటలోనే తేలినవి. రీప్లే ఉన్నా లేకున్నా ఆ ఫలితాలు మారేవి కావు. రద్దు వల్ల చిన్న జట్లకు మేలు జరిగిందని చూపడానికి అవి పనికిరావు. రద్దు ప్రభావం డ్రా అయిన చోటే కనిపిస్తుంది, డ్రా అయిన చోట ఏం జరిగిందో టామ్‌వర్త్‌లో చూశాం. పొద్దంతా పని చేసి సాయంత్రం సాధనకు వచ్చే కాళ్లకు ఆ అదనపు అరగంట పెద్ద శిక్ష. పెద్ద క్లబ్బుకు అదే అరగంటలో బెంచీ మీదున్న అంతర్జాతీయ ఆటగాళ్లందరూ అక్కరకొస్తారు. రెండో మ్యాచ్‌లో పెద్ద జట్టు తేరుకుంటుందంటున్నారు సరే, ఇప్పుడు పది నిమిషాల్లోనే తేరుకుంటోంది, పైగా డబ్బు పంచాల్సిన పని లేకుండా.

ఎక్సెటర్ సిటీని గుర్తు చేసుకోండి. 2003లో ప్రీమియర్ లీగ్ కింద ఉండే మూడు అంచెల ఫుట్‌బాల్ లీగ్ నుంచే జారిపోయి అప్పుల్లో మునిగిన క్లబ్బది. అభిమానుల ట్రస్టు దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. 2005 జనవరిలో మూడో రౌండ్‌లో ఓల్డ్ ట్రాఫోర్డ్ వెళ్లి, 67 వేల మంది ముందు మాంచెస్టర్ యునైటెడ్‌ను 0-0తో నిలువరించింది. పదకొండు రోజుల తర్వాత రొనాల్డో, రూనీ ఎక్సెటర్ ఊరికి వచ్చి ఆడి, చెరో గోల్ కొట్టి వెళ్లారు. ఎక్సెటర్ ఓడింది. కానీ ఆ రెండు మ్యాచ్‌ల రాబడి అప్పుల్లోంచి బయటపడటానికి తోడ్పడింది. ఆ క్లబ్బు మళ్లీ ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కింది, నేటికీ అభిమానుల చేతుల్లోనే ఉంది. దీన్ని దానం అనకూడదు. తొంభై నిమిషాలు నిలబడి సంపాదించుకున్న డబ్బది. నేడు ప్రీమియర్ లీగ్ కింది స్థాయి ఆటకు అదనపు నిధులు ఇస్తామంటోంది. ఇచ్చేవాడి ఇష్టం మీద వచ్చే సొమ్ముకూ, మైదానంలో గెలుచుకున్న హక్కుకూ ఎంతో తేడా ఉంది.

ఇక ఎఫ్‌ఏ కప్ గొప్పతనం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా టీవీ చానళ్లు చూపించే గోల్ ఏది? 1972 ఫిబ్రవరిలో, బురదగా మారిన హియర్‌ఫర్డ్ మైదానంలో, అప్పట్లో ఫుట్‌బాల్ లీగ్ బయటి చిన్న జట్టయిన హియర్‌ఫర్డ్ ఆటగాడు రొనీ రాడ్‌ఫోర్డ్ చాలా దూరం నుంచి అగ్ర అంచె జట్టు న్యూకాజిల్‌పై కొట్టిన గోల్. అది రీప్లే. తొలి మ్యాచ్ న్యూకాజిల్‌లో 2-2గా ముగిసింది కాబట్టే హియర్‌ఫర్డ్‌కు సొంతగడ్డ మీద ఆ అవకాశం దొరికింది. నేటి నిబంధన అప్పుడు ఉండి ఉంటే న్యూకాజిల్‌లోనే అదనపు సమయం ఆడించి కథ ముగించేవారు. ప్రచార వీడియోకు రీప్లే కావాలి, పోటీకి మాత్రం అక్కర్లేదు!

ఇంకొకటి పెద్దగా చర్చకు రాలేదు. రీప్లే భయం పెద్ద జట్టును అదుపులో ఉంచేది. మూడో రౌండ్‌కు సగం బలంతో దిగి డ్రాతో బయటపడితే, మరో వారం నడుమ మరో మ్యాచ్ మెడకు చుట్టుకునేది. నిర్లక్ష్యానికి అది జరిమానా. ఆ జరిమానాను ఎత్తేశారు.

అలసట మాట వద్దాం, నాకు అసలు ఒళ్లు మండేది అక్కడే. రీప్లేల రద్దు ప్రకటన వెలువడింది 2024 ఏప్రిల్ 18న. నెల గడిచిందో లేదో, మే 19న లీగ్ సీజన్ ముగిసింది. మే 22న టోటెన్‌హామ్, న్యూకాజిల్ జట్లు భూగోళానికి అవతలి వైపున ఉన్న మెల్‌బోర్న్‌లో, 78 వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు స్నేహపూర్వక మ్యాచ్ ఆడాయి. సీజన్ ముగిసిన మూడో రోజున! అవును, టామ్‌వర్త్‌తో మరో మ్యాచ్ ఆడేందుకు తేదీ దొరకని ఆ టోటెన్‌హామే. మరుసటి ఏడాది మాంచెస్టర్ యునైటెడ్ కూడా సీజన్ ముగిసిన మూడో రోజునే కౌలాలంపూర్‌లో ఆడింది, అక్కడి ప్రాంతీయ జట్టు చేతిలో ఓడింది కూడా. ఈ ప్రయాణాలను ఎవరూ బలవంతపెట్టలేదు. అలసిన కాళ్లకు పర్యటన డబ్బు కనిపిస్తే అలసట గుర్తురాదు, టామ్‌వర్త్ పేరు వింటే మాత్రం గుర్తొస్తుంది.

కాబట్టి ఈ గొడవంతా ఒక నిబంధన గురించి కాదనుకుంటాను, క్యాలెండర్ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. యూరప్ అగ్ర క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ తొలి దశ ఆరు మ్యాచ్‌ల నుంచి ఎనిమిదికి పెరిగింది. 2025 వేసవిలో 32 జట్లతో క్లబ్ ప్రపంచ కప్ వచ్చిపడింది. పైనున్నవారు తమకు కావలసిన తేదీలు తీసుకున్నాక, మిగిలిన చోట సర్దుకోవాల్సింది మాత్రం కిందివారే.

ప్యాలెస్ కథలోనూ ఇదే చూడండి. కప్ గెలిచిన జట్టుకు యూరప్‌లో రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్‌లో స్థానం దక్కాలి. కానీ అప్పట్లో ప్యాలెస్‌లో పెద్ద వాటా ఉన్న జాన్ టెక్స్‌టర్‌కే ఫ్రాన్స్ క్లబ్ లియోన్ మీదా పట్టు ఉండేది, ఒకరి పట్టులో ఉన్న రెండు క్లబ్బులు ఒకే యూరప్ పోటీలో ఆడకూడదు. ఇలాంటి యాజమాన్య చిక్కులు మార్చి 1కల్లా సరిదిద్దుకోవాలన్నది యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్‌ఏ పెట్టిన గడువు. ఆ రోజు ప్యాలెస్ సొంత మైదానంలో మిల్‌వాల్‌తో అయిదో రౌండ్ ఆడుతోంది. ఫైనల్లో పదహారో నిమిషంలో ఎజె గోల్ కొట్టి, తర్వాత పెనాల్టీని గోల్‌కీపర్ హెండర్సన్ ఆపి, కప్ చేతికొచ్చింది మే 17న. గడువు దాటి అప్పటికి రెండున్నర నెలలు! ఫలితంగా ప్యాలెస్‌ను మూడో స్థాయి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్‌కు దించేశారు, క్రీడా న్యాయస్థానంలోనూ ఊరట దొరకలేదు. గడువు నియమంలో తర్కం ఉండొచ్చు. ఆ గడువు సంపన్నులైన యజమానులకు ముందే గుర్తుండాల్సింది, నష్టపోయింది మాత్రం నూట ఇరవై ఏళ్లు ఎదురుచూసిన అభిమానులు.

పాత పద్ధతి మొత్తంగా తిరిగి రావాలని నేనూ అనను. 1971లో ఆల్వ్‌చర్చ్, ఆక్స్‌ఫర్డ్ సిటీ జట్లు ఫలితం తేలక ఆరు మ్యాచ్‌లు ఆడాయి, అంత పట్టుదల ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు. కింది డివిజన్ జట్టు ప్రీమియర్ లీగ్ జట్టును డ్రాతో ఆపినప్పుడు మాత్రం ఒకే ఒక్క రీప్లే ఇవ్వండి, అదీ మూడు, నాలుగు రౌండ్లలోనే. పెద్ద క్లబ్బుకు ఏడాదికి గరిష్ఠంగా రెండు అదనపు మ్యాచ్‌లు పడతాయి, అవి కూడా వరుసగా రెండు రౌండ్లలో చిన్న జట్లను ఓడించలేకపోతేనే.