పిన్‌కోడ్ పోస్టాఫీసు దాకే, ఆ తర్వాత ఫోనే గతి

యానాం పిన్‌కోడ్ 533464. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం అన్నీ 533తోనే మొదలవుతాయి, యానాం కూడా అంతే. కానీ యానాం ఆంధ్రాలో లేదు కదా, పుదుచ్చేరిలో భాగం, పుదుచ్చేరి టౌన్ పిన్‌లేమో 605తో మొదలవుతాయి. మరి ఇదెలా అంటే, ఊరు ఏ సర్కారు కింద ఉందో పిన్‌కోడ్‌కి అక్కర్లేదు, ఉత్తరాల సంచి ఏ దారిన వస్తుందో అదొక్కటే కావాలి. గోదావరి ఒడ్డున ఉన్న ఊరికి సంచి పక్కనున్న కాకినాడ వైపు నుంచి వస్తుంది గానీ ఎక్కడో తమిళనాడు అంచున ఉన్న పుదుచ్చేరి చుట్టి రాదు.

ఈ సంగతి మనం మర్చిపోయాం అనిపిస్తుంది నాకు. ఫారంలో ఇంటి అడ్రస్ పక్కన రాసీ రాసీ, అది మన ఇంటి నంబర్ అన్నట్టు తయారైంది. అది పోస్టాఫీసు నంబర్.

1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండిన రోజున ఇది మొదలైంది. కమ్యూనికేషన్స్ శాఖలో అదనపు కార్యదర్శిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వేలంకర్ దీన్ని తయారుచేశారు, ఆయన సంస్కృతంలో రచనలు చేసిన మనిషి కూడా. అప్పటి తలనొప్పి ఏంటంటే ఒకే పేరుతో బోలెడు ఊళ్లు, అడ్రస్ రాసే భాషలు బోలెడు. రామాపురాలు, కొత్తపల్లులు, వెంకటాపురాలు మన రెండు రాష్ట్రాల్లోనే ఎన్నున్నాయో లెక్కేసుకోండి. తెలుగులో రాసిన కవర్ ఢిల్లీలో సార్టింగ్ చేసే మనిషికి అర్థం కాకపోవచ్చు గానీ దాని మీదున్న 5 మాత్రం అర్థమవుతుంది, దక్షిణం వైపు సంచిలో పడేస్తాడు.

మొదటి అంకె 5 అంటే తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక. అందులో 50 తెలంగాణకి, 51 నుంచి 53 దాకా ఆంధ్రకి, 56 నుంచి 59 దాకా కర్ణాటకకి. మూడంకెలు కలిపితే సార్టింగ్ జిల్లా, 506 వరంగల్ వైపు, 517 చిత్తూరు వైపు, 530 విశాఖ. చివరి మూడంకెలు డెలివరీ చేసే పోస్టాఫీసువి, 500001 అంటే అబిడ్స్‌లో ఉన్న హైదరాబాద్ జీపీవో, అదే పెద్ద పోస్టాఫీసు. 9తో మొదలైతే ఆర్మీ పోస్టు. అక్కడితో పిన్ పని అయిపోయింది, ఆపైనంతా పోస్ట్‌మాన్ బుర్రే. ఏ బీట్‌లో ఎవరిల్లు ఎక్కడుందో, మేడ మీద అద్దెకుంటున్న వాళ్లెవరో, ఎవరు ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోయారో అతనికి తెలుసు, అందుకే అడ్రస్ సగమే రాసినా ఉత్తరం చేరేది.

పల్లెటూళ్లలో అయితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దేశంలో పోస్టాఫీసులు లక్షా 64 వేలకు పైన, పిన్‌కోడ్‌లేమో 19 వేల చిల్లర. బ్రాంచి పోస్టాఫీసులకి సొంత పిన్ ఉండదు, పైనున్న సబ్ పోస్టాఫీసు పిన్నే వాడతారు, అంటే ఒక్క పిన్ కింద పది పదిహేను ఊళ్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. మన పెద్దవాళ్లు కార్డు మీద "ఫలానా గ్రామం, ఫలానా పోస్టు, వయా ఫలానా" అని రాసేవాళ్లు చూడండి, ఆ వయా అనే ముక్క ఏ ఆఫీసు మీదుగా రావాలో చెప్పేది, పిన్ చేసిందల్లా దాన్ని అంకెల్లోకి మార్చడమే.

దీనివల్ల లాభం కూడా ఉంది. 2016 అక్టోబర్‌లో తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో 13 కాస్తా 26 అయ్యాయి. బోర్డులు మారాయి, ఆఫీసుల రబ్బరు స్టాంపులు మారాయి, పిన్ మాత్రం కదల్లేదు, ఉత్తరాలు ఎప్పట్లాగే వచ్చాయి. ఇబ్బంది పడింది ఎవరంటే పిన్‌ని జిల్లాతో ముడిపెట్టిన వెబ్‌సైట్లు. నేనొక సైట్‌లో పిన్ కొట్టగానే జిల్లా పేరు దానంతటదే వచ్చి కూర్చుంది, అదీ పాత జిల్లా, మార్చుదామంటే ఆ గడి నొక్కనివ్వదు. ఆధార్‌లో కొత్త జిల్లా, ఇక్కడ పాత జిల్లా, రెండూ ఒకటే ఇల్లు అని ఎవరికి చెప్పుకోవాలి.

ఈ-కామర్స్ వచ్చాక పిన్ మీద ఇంకా చాలా బరువు పడింది. మీ ఊరికి డెలివరీ ఉందా లేదా, ఎన్ని రోజులు, క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వొచ్చా, అన్నీ పిన్‌ని బట్టే. ఒక పిన్ కింద రోడ్డు పక్కన టౌనూ ఉంటుంది, వాగు దాటి వెళ్లాల్సిన తండా కూడా ఉంటుంది, సిస్టమ్‌కి రెండూ ఒకటే. లోన్లిచ్చే చోట "నెగటివ్ ఏరియా" అనే మాట వినే ఉంటారు, ఫలానా పిన్ అయితే అప్లికేషన్ పక్కన పెట్టేస్తారు, మీ జీతం మీ చరిత్ర చూడకుండానే. ఉత్తరాలు విడదీయడానికి పెట్టిన అంకె మనుషుల్ని విడదీస్తోంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు ఎందుకో.

సరే, సార్టింగ్ హబ్ దాటి మీ ఏరియా దాకా పార్సిల్ వచ్చింది అనుకుందాం. ఇప్పుడు తెచ్చేది పాతికేళ్లు అదే బీట్ తిరిగిన పోస్ట్‌మాన్ కాదు, పోయిన నెల చేరిన కుర్రాడు, బండి మీద ముప్ఫై నలభై పార్సిళ్లు. అతని చేతిలో ఉన్నది మన డోర్ నంబర్. హైదరాబాద్ డోర్ నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అన్న లెక్కలో పెట్టినవి, పెట్టినప్పుడు బాగానే ఉండుంటాయి. తర్వాత ఇంటి పక్కన ఇల్లు లేచింది, బై వన్, బై ఏ, బై వన్ బై ఏ అని తోక పెరుగుతూ పోయింది. జూబ్లీహిల్స్‌లో ఎన్నో ఆఫీసుల అడ్రస్‌లు 8-2-293/82/ఏ అనే మొదలవుతాయి, ఆ తర్వాత ప్లాట్ నంబర్, ఆ తర్వాత రోడ్ నంబర్, దేశంలోనే ఖరీదైన కాలనీల్లో ఒకటి అది. అక్కడే అలా ఉంటే బస్తీల సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఆ కుర్రాడు నంబర్ చూడనే చూడడు, ఫోన్ చేసి "అన్నా, లొకేషన్ పెట్టు" అంటాడు, మనం పెడితే అది పక్క గల్లీ చూపిస్తుంది, "హనుమాన్ గుడి దాటినాక ఎడమకి తిరుగు" అని మళ్లీ మనమే చెప్పాలి.

దీనికి మందు అన్నట్టుగా 2025 మే నెలాఖరులో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, బాలానగర్‌లో ఉన్న ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) కలిసి చేశాయి, కాబట్టి మనోళ్ల పనే అని కాస్త గర్వం కూడా. ఐడియా సింపుల్. దేశం మొత్తాన్ని ఒక చదరంలో పెట్టి 16 గడులు చేశారు, ఒక్కో గడిని మళ్లీ 16, అలా పదిసార్లు. పదో సారికి గడి సుమారు నాలుగు మీటర్లు బై నాలుగు మీటర్లకి దిగుతుంది, పది గుర్తుల కోడ్ వస్తుంది. వాడే గుర్తులు 2 నుంచి 9 దాకా అంకెలు, ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలు, సున్నా ఒకటి లేవు కాబట్టి ఓ, ఐ అక్షరాలతో తికమక ఉండదు. అక్షాంశం రేఖాంశం తెలిస్తే చాలు, నెట్ లేకపోయినా లెక్కకట్టుకోవచ్చు, మీ పేరూ వివరాలూ అందులో ఉండవు. సోర్స్ కోడ్ కూడా అందరికీ ఇచ్చారు. మంచి పని, కాదనను.

కానీ ఒక చిన్న లెక్క వేసి చూడండి. 200 గజాల ఇల్లు అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. గడి 14 చదరపు మీటర్లు అనుకుంటే ఒక్క ఇంటికే డజను డిజిపిన్‌లు వచ్చాయి. వీటిలో మీ ఇంటిది ఏది, గేటుదా, వంటింటిదా? మీరు హాల్లో కూర్చుని ఫోన్‌లో తీస్తే ఒకటొస్తుంది, మీ అబ్బాయి మేడ మీద తీస్తే ఇంకోటి, ఇళ్ల మధ్య ఫోన్ జీపీఎస్ నాలుగు మీటర్లు అటూ ఇటూ జరగడం మామూలే కాబట్టి పక్కింటి వాళ్లది వచ్చినా రావొచ్చు. ఇక పదిహేను అంతస్తుల అపార్ట్‌మెంట్ ఉందనుకోండి, కింద వాచ్‌మన్ గదికీ పైన పెంట్‌హౌస్‌కీ కోడ్ ఒకటే, ఎత్తు దానికి తెలీదు. చెప్పేది ఏంటంటే డిజిపిన్ భూమ్మీద ఒక చుక్క పెడుతుంది, అక్కడ ఏ ఇల్లుందో చెప్పదు.

ఐర్లాండ్ వాళ్లు దీనికి పూర్తిగా తిరగేసి చేశారు. అక్కడ పల్లెల్లో ఇళ్లకి నంబర్లుండవు, మూడో వంతు అడ్రస్‌లు అచ్చం ఇంకొకరి అడ్రస్‌లాగే ఉండేవి, ఇంటిపేర్లూ అవే కాబట్టి పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. 2015 జులైలో ఎయిర్‌కోడ్ తెచ్చారు, అక్షరాలు, అంకెలు కలిపి ఏడు గుర్తులు, ఒక్కో అడ్రస్‌కి ఒక్కో కోడ్, ఫ్లాట్ అయితే ఆ ఫ్లాట్‌కి విడిగా. పక్కపక్క ఇళ్ల కోడ్‌లు వరసగా ఉండవని విమర్శలొచ్చాయి, నిజమే, డేటాబేస్ లేకుండా దాన్ని చూసి ఏమీ చెప్పలేం. కానీ వెనక ప్రతి ఇల్లూ ఎక్కిన జాబితా ఒకటుంది. నెదర్లాండ్స్‌లో అయితే పోస్ట్‌కోడ్, ఇంటి నంబర్ ఈ రెండూ చెబితే చాలు, వీధి పేరు అడగరు. అక్కడా పని చేస్తున్నది కోడ్ కంటే ఎక్కువగా ఇంటి నంబరే.

అయితే జాబితా ఉంటే అది ఎవరిదన్న గొడవ ఉంటుంది. బ్రిటన్‌లో 2013లో రాయల్ మెయిల్‌ని ప్రైవేటుకి ఇచ్చినప్పుడు దేశం మొత్తం అడ్రస్‌ల ఫైల్ కూడా దాంతోపాటే వెళ్లిపోయింది, జనం డబ్బుతో తయారైన అడ్రస్‌ల లిస్టు వాడుకోవాలంటే కంపెనీలు లైసెన్స్ ఫీజు కట్టాలి. ఇక్కడ ఎవరైనా అలాంటి జాబితా మొదలుపెడితే ఈ ప్రశ్న ముందే తేల్చుకోవాలి.

మన దగ్గర ఇంకా ఆ జాబితాకే దిక్కులేదు. తపాలా శాఖ చుక్క పెట్టగలదు, డోర్ నంబర్ ఇచ్చేది మాత్రం మున్సిపాలిటీ, పంచాయతీ. ఇంటి పన్ను కోసం ఒక నంబర్, కరెంటు సర్వీసుకి ఒకటి, నల్లా కనెక్షన్‌కి ఇంకోటి, ఒకే గోడ మీద మూడు రేకులు కొట్టి ఉన్న ఇళ్లు నేను చూశాను, అందులో ఒకటి రంగు వెలిసి ఏ నంబరో కనపడదు. ఆ పన్ను రసీదు మీద నంబర్ పక్కన, గేటు దగ్గర కొలిచిన డిజిపిన్ ఒక్కటి అచ్చేసి ఇస్తే డజనులో ఏది మీదో తేలిపోతుంది, దానికి కొత్త యాప్ కూడా అక్కర్లేదు, పన్ను కొలతలకి వచ్చే బిల్ కలెక్టర్ చేతిలో ఫోన్ ఎలాగూ ఉంటుంది.