చిరంజీవి ముసాయిదాకు

చి. ముసాయిదాకు దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఢిల్లీలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫైళ్లలో నువ్వూ క్షేమమేనని తలుస్తాం. అయినా నీకేం ఢోకా? నిబంధనవై అమల్లోకొస్తే కదా కోర్టులు, జరిమానాలు, తలనొప్పులు!

ప్యాకెట్టు ముందువైపే ఉప్పు, చక్కెర, కొవ్వు ఎంతున్నాయో తెలిసేలా గుర్తు వెయ్యాలన్నది నీ జన్మకారణం. 2018 ఏప్రిల్‌లో ఎర్రరంగుతో పుట్టావు. హద్దు దాటితే ఎరుపు, అంతే సంగతి. పరిశ్రమ సంఘాలు గోల పెట్టగానే ఆగస్టుకల్లా నిన్ను పక్కన పడుకోబెట్టి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. 2019లో మళ్లీ ఎరుపుతోనే పుట్టావు. 2020 చివర్లో లేబులింగ్ నిబంధనలు గెజిట్‌కెక్కాయి, నిన్ను మాత్రం ఎక్కించుకోలేదు. 2022 సెప్టెంబరులో మూడోసారి కళ్లు తెరిచేసరికి నీ ఒంటిమీద ఎరుపు లేదు, నక్షత్రాలున్నాయి. అర నక్షత్రం మొదలు అయిదు దాకా. పైగా తుది ప్రకటన వచ్చాక కూడా నాలుగేళ్లపాటు ఇష్టమున్నవాళ్లు వేసుకోవచ్చు, లేనివాళ్లు మానెయ్యొచ్చు.

నిన్నిలా తీర్చిదిద్దిన మేనమామలను, అంటే ఆ పరిశ్రమ సంఘాలవాళ్లను, మెచ్చుకోకుండా ఉండలేం. వాళ్ల నోట ‘వద్దు’ అన్న మాట రాదు. ‘తప్పకుండా ఉండాలి, కాకపోతే శాస్త్రీయంగా ఉండాలి’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు చూపిస్తే అవి మన వంటలకు సరిపోవంటారు. ఆ లెక్కన మన పిండివంటలన్నీ ఎర్రబడతాయని, రుచి పోతుందని, వీధిలో విడిగా అమ్మే సమోసాకు లేని తంటా ప్యాకెట్టుకెందుకని అడుగుతారు. సరే, మన దేశంలోనే అధ్యయనం చేద్దామంటే అందుకు మరో ఏడాది. ఒక్కో ప్రశ్నా న్యాయంగానే వినిపిస్తుంది. అన్నీ వరసగా పేర్చి చూస్తేనే తెలుస్తుంది, అది ప్రశ్నల పట్టిక కాదు, క్యాలెండరని.

వాళ్ల చేతిలో అన్నిటికన్నా పదునైన పనిముట్టు ‘సర్వింగు’, అంటే ఒకసారికి ఇంత తింటారని వేసుకున్న లెక్క. లెక్కకు ఒక మిక్చర్ ప్యాకెట్టు తీసుకుందాం. 100 గ్రాముల్లో 900 మిల్లీగ్రాముల సోడియం, ప్యాకెట్టు బరువు 80 గ్రాములు. మన నిబంధనల ప్రకారం రోజుకు సోడియం 2,000 మిల్లీగ్రాములు. ఒక సర్వింగంటే 20 గ్రాములని రాసుకుంటే అందులో 180 మిల్లీగ్రాములు, అంటే రోజు మొత్తంలో 9 శాతం. చూడ్డానికెంత బుద్ధిమంతురాలో! చింపిన ప్యాకెట్టులో నాలుగో వంతు తిని మిగతాది రబ్బరు బ్యాండు వేసి దాచే మహానుభావులకు ఆ అంకె సరిపోతుంది. మొత్తం ఖాళీ చేసేవాళ్లకు 36 శాతం. అందుకే హద్దు 100 గ్రాములకు కట్టాలా, సర్వింగుకు కట్టాలా అన్నచోట గంటలు గంటలు వాదనలు జరుగుతాయి. పత్రికల్లో ఆ ముక్క రాదు, చదవడానికి విసుగు కనక.

ఇక నీ నక్షత్రాల సంగతి. కేలరీలు, సంతృప్త కొవ్వు, చక్కెర, సోడియం ఒకవైపు. పీచు, ప్రొటీను, పండ్లు, పప్పులు, గింజలు ఇంకోవైపు. ఆ పాయింట్లలోంచి ఈ పాయింట్లు తీసేసి మిగిలినదాన్నిబట్టి నక్షత్రాలిస్తారు. అంటే మిక్చర్‌లో ఉప్పు తగ్గించడం ఒక దారి, వేరుశనగ గుళ్లు పెంచడం ఇంకో దారి. గుళ్లు పెంచితే ఉప్పెక్కడికీ పోదు, మార్కుల్లో మాత్రం కలిసొస్తుంది. సున్నా నక్షత్రాలు అసలు లేవు. ఎంత నాసిరకానికైనా అర నక్షత్రం ఖాయం, అదీ మెరుస్తుంది. 2014 నుంచి ఈ పద్ధతి నడుస్తున్న ఆస్ట్రేలియాలో నెస్లేవాళ్ల మైలో అనే, పాలలో కలుపుకునే పొడి డబ్బా మీద 4.5 నక్షత్రాలు వేశారు. వెన్న తీసిన పాలలో కలుపుకున్నాక వచ్చే మార్కులట అవి. ఒట్టి పొడికి వచ్చేవి 1.5. జనం నిలదీస్తే 2018లో నెస్లే ఆ నక్షత్రాలు తీసేసింది. చిలీలోనేమో 2016 నుంచి నల్లటి అష్టభుజి గుర్తు, లోపల ‘చక్కెర ఎక్కువ’ అని ఒక్క ముక్క. తీసివేతలు, కూడికలు ఏమీ లేవు. అందుకే ఆ గుర్తు పేరెత్తితే మేనమామలకు కంటగింపు.

సంప్రదింపుల ముచ్చట కూడా చెప్పుకోవాలి. చట్టం ప్రకారం ఎఫ్ఎస్ఎస్ఏఐకి 22 మంది సభ్యులు. అందులో పరిశ్రమకు రెండు కుర్చీలు, వినియోగదారులకు రెండు. కాగితం మీద సరిసమానం. సంప్రదింపుల గదిలో ఆ లెక్క లేదు. ఒకే కంపెనీకి రెండు మూడు సంఘాల్లో సభ్యత్వముంటుంది, ఒక అభిప్రాయం మూడు లెటర్‌హెడ్ల మీద వస్తుంది. వినియోగదారుల తరఫున వచ్చే ఒక్క మనిషికి నిన్న కల్తీ పాలు, ఇవాళ నువ్వు, రేపు పురుగుమందులు. 2021 సమావేశాల్లో పరిశ్రమవాళ్లదే పైచెయ్యని ఢిల్లీలోని స్వచ్ఛంద పరిశోధన సంస్థ సీఎస్ఈ ఆక్షేపించింది కూడా.

నీ మీద 14 వేలకు పైగా అభిప్రాయాలొచ్చాయి. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది. జులైలో ఇంకో మూడు నెలల గడువిచ్చింది.

మళ్లీ పుడితే మాకు ముందే కబురు చెయ్యి. అభిప్రాయాలకిచ్చే గడువు మామూలుగా 60 రోజులే. ‘పిల్లల ఆరోగ్యం పాడవుతోంది మహాప్రభో’ అని రాస్తే ఆ ఫారంలో పట్టే గడి లేదు. గడులు మూడే: ఏ నిబంధన, ఏం మార్చాలి, ఎందుకు. మావి ఇప్పుడే నింపి పంపుతున్నాం, దాచిపెట్టు:

నిబంధన: నాలుగేళ్లు ఐచ్ఛికం. మార్పు: తొలి రోజు నుంచే తప్పనిసరి. కారణం: ఉప్పు ఎక్కువున్నవాడు తనంతట తాను చెప్పడు.

నిబంధన: నక్షత్రాలు. మార్పు: హద్దు దాటిన ప్రతి పదార్థానికీ విడిగా హెచ్చరిక గుర్తు. కారణం: వేరుశనగ గుళ్లు ఉప్పును మింగవు.

నిబంధన: సర్వింగు. మార్పు: 100 గ్రాములకు, దాని పక్కనే మొత్తం ప్యాకెట్టుకు. కారణం: 80 గ్రాముల ప్యాకెట్టుతో పాటు రబ్బరు బ్యాండు ఇవ్వడం లేదు.

ఇట్లు,
ప్యాకెట్టు వెనక్కి తిప్పి, కళ్లు చికిలించి చదివేవాళ్లు