తలుపు వెనక కనిపించని కొక్కెం గారికి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

మహారాజశ్రీ కొక్కెం గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, నేనిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమని తలుస్తాను అని రాద్దామంటే, ఆ 'అక్కడ' ఎక్కడో తెలియడం లేదు. ఫంక్షన్ హాళ్లలో వెతికాను. హైవే హోటళ్లలో, పెట్రోలు బంకుల వెనక, సినిమా హాళ్లలో, ఆఖరికి డాక్టర్ల క్లినిక్కుల్లో కూడా వెతికాను. బాత్రూమ్ తలుపు మూసి, గడియ పెట్టి, చూస్తే మీరుండాల్సిన చోట రెండు స్క్రూ బెజ్జాలు. కొన్నిచోట్ల అవి కూడా లేవు. అక్కడ మీకసలు పోస్టే శాంక్షన్ కాలేదన్నమాట.

నేనెవరో చెప్పుకోవాలి కదా. యాభై నాలుగేళ్లు, హైస్కూల్లో లెక్కల టీచర్ని. నా పొట్ట మీద కుడివైపు, బొడ్డుకి కాస్త కింద, ఒక బ్యాగ్ అంటించి ఉంటుంది. ఇలియాస్టమీ అంటారు. అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు నా పెద్దపేగుని పుండ్లు పుండ్లు చేసింది. మందులు పనిచేయక డాక్టర్లు దాన్ని మొత్తం తీసేసి, చిన్నపేగు కొసని పొట్టలోంచి బయటికి తెచ్చి కుట్టారు. ఆ కొసే స్టోమా. ఎర్రగా, తడిగా, బుగ్గ లోపలి వైపులా ఉంటుంది. ముట్టుకున్నా నొప్పి తెలియదు, నొప్పి తెలిసే నరాలు దానికి లేవు. గ్రీకులో స్టోమా అంటే నోరట. ఆ సంగతి మా అత్తగారికి చెప్తే, "ఉన్న నోరు చాల్లేదేటే నీకు?" అన్నారు.

చుట్టాలందరూ ఈ బ్యాగ్‌ని చూసే జాలిపడతారు. సరిగ్గా చెప్పాలంటే చూడరు, అది ఎక్కడుందో వెతుకుతారు. మొహం చూసి మాట్లాడుతూనే చూపు కుచ్చిళ్ల దాకా దిగి వస్తుంది. "ఇలాంటి ఒంటితో ఇంతదూరం ఎందుకొచ్చావమ్మా" అంటారు. అంతకుముందు పదేళ్లు వాళ్ల పెళ్లిళ్లకి నేనెందుకు రాలేదో మాత్రం ఎవరూ అడగరు.

అప్పుడు రోజుకి పదిహేనుసార్లు పరిగెత్తేదాన్ని. వస్తోందని తెలిసేలోపే వచ్చేసేది. ఆర్కే బీచ్‌కి వెళ్తే ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకుని, గుంజకి కట్టేసిన గేదెలా దాని చుట్టూనే తిరిగేదాన్ని. మా ఆయన రెండు మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని గోడ పక్కన నిలబడేవారు. నేను వచ్చేసరికి ఆ సముద్రపు గాలికి బొరుగులు మెత్తబడిపోయేవి. క్లాసులో బోర్డు మీద ఒక లెక్క మొదలుపెడితే, జవాబు నేనే రాస్తానన్న నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు రోజుకి ఐదారుసార్లు, పీరియడ్ అయ్యాక, తీరిగ్గా వెళ్లి బ్యాగ్ ఖాళీ చేసుకుని వస్తాను. మూడోవంతు నిండగానే ఖాళీ చేయమన్నారు. నిండేదాకా ఉంచితే బరువుకి ఊడొస్తుంది. మూడోవంతు ఎంతో చీర మీదినుంచి చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది, ఎంతైనా లెక్కల టీచర్ని.

కాబట్టి బ్యాగ్‌తో నాకు పేచీ లేదు. పేచీ మీతోనే.

నా కోసం ఎంతమంది ఎంత ఆలోచించారో మీకు తెలియాలి. ఆపరేషన్‌కి ముందురోజు స్టోమా నర్సు పెన్ను పట్టుకుని వచ్చింది. కూర్చోమంది, నిలబడమంది, వంగమంది. "లంగా బొందు ఎక్కడ కడతారమ్మా, చూపించండి" అంది. బొందు స్టోమా మీద పడితే బ్యాగ్‌లోకి ఏదీ దిగదట. పొట్ట మడత పడని చోట, వంగి చూసుకుంటే నా కళ్లకి కనిపించే చోట, బొందుకి తగలకుండా ఒక చుక్క పెట్టింది. మా అమ్మ తర్వాత నా లంగా బొందు గురించి అంత ఆలోచించిన మనిషి ఆ అమ్మాయే.

అంతకుముందు సంగతి చూడండి. డెన్మార్క్‌లో ఎలిస్ సోరెన్సెన్ అనే నర్సు ఉండేది. ఆమె తోబుట్టువు థోరాకి స్టోమా పెట్టారు. ఎక్కడ కారిపోతుందోనన్న భయంతో థోరా బయటికి వెళ్లడం మానేసింది. అది చూడలేక ఎలిస్ 1954లో ఒంటికి అంటుకునే బ్యాగ్‌ని ఊహించింది. ఎక్కడి డెన్మార్క్, ఎక్కడి ఎంవీపీ కాలనీ! అక్కడినుంచి ఇక్కడిదాకా ఇంతమంది కలిసి నన్ను గడప దాటించి, పట్టుచీర కట్టించి, పెళ్లికి పంపితే, ఆఖరి రెండంగుళాల పనికి మీరు డ్యూటీలో లేరు.

ఆ పెళ్లి సంగతే చెప్తాను. మొన్న మాఘమాసంలో. ఫంక్షన్ హాలు పేరు రాయను. ముహూర్తం రాత్రిది, అలంకరణకే లక్షలయ్యాయని విన్నాను. గుమ్మానికి ఆర్కిడ్ పూలు, పైన జూమర్లు. బాత్రూమ్‌లో మాత్రం నేలంతా నీళ్లు, ఒక బకెట్, మగ్గు లేదు, మీరు లేరు.

నా పని ఎలా ఉంటుందంటే, బ్యాగ్ కింది మూతి మూడు మడతలు పెట్టి అతికించి ఉంటుంది. ముందు కమోడ్‌లో కాస్త టిష్యూ వేయాలి, చిమ్మకుండా. ఒక చేత్తో మూతి పైకెత్తి పట్టుకోవాలి. ఇంకో చేత్తో మడతలు విప్పి, కిందికి వంచి, పైనుంచి నొక్కుతూ దింపాలి. మూతి లోపలా బయటా తుడవాలి. మళ్లీ మూడు మడతలు. మీరుంటే రెండు నిమిషాల పని. మీరు లేకపోతే? కుచ్చిళ్లు ఒకటి, పైట రెండు, హ్యాండ్‌బ్యాగ్ మూడు, టిష్యూలు నాలుగు, అసలు బ్యాగ్ ఐదు. పట్టుకోవాల్సినవి ఐదు, ఉన్న చేతులు రెండు. మిగిలిన మూడింటినీ ఎక్కడ పెట్టాలో నా సర్వీసులో ఏ లెక్కల పుస్తకమూ చెప్పలేదు.

కుచ్చిళ్లు గడ్డం కింద అదిమాను. పైట మెడకి చుట్టాను. హ్యాండ్‌బ్యాగ్ పట్టీ పళ్లతో పట్టుకున్నాను. సరిగ్గా మూతి విప్పిన క్షణంలో ఆ హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ మోగింది. మా పిన్ని. బయట భజంత్రీలు, లోపల నా దవడ కింద రింగ్‌టోన్. ఎవరో తలుపు మీద దబదబ బాదుతూ, "ఏటమ్మా, ఎంతసేపు?" నోట్లో పట్టీ ఉండగా "వస్తున్నా" అనడం ఎంత కష్టమో మీకేం తెలుస్తుంది! అన్నాను. పట్టీ జారింది. అన్నీ నీళ్లలో. విడి ఫ్లాంజ్ (బ్యాగ్‌ని పొట్టకి పట్టి ఉంచే అంటుబిళ్ల), కత్తెర, పేస్ట్ ట్యూబు, వాటితోపాటు 1,116 రూపాయల చదివింపుల కవరు.

ఫ్లాంజ్ కవర్‌లో ఉంది కాబట్టి బతికిపోయింది. చదివింపులు బతకలేదు. అక్షింతలు వేసే వేళకి నేను పెడెస్టల్ ఫ్యాన్ ముందు నిలబడి రెండు ఐదువందల నోట్లు ఆరబెడుతున్నాను. చూసినవాళ్లు ఏమనుకున్నారో గానీ, ఒకావిడ మాత్రం దగ్గరికొచ్చి, "పాపం, ఆ బ్యాగ్‌తో ఎంత అవస్థ నీకు" అంది.

ఆ బ్యాగ్‌తోనే పోయిన ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చేశాను. 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాను. కొబ్బరి ముక్క మా ఆయనకిచ్చేశాను, పీచు నా స్టోమా దగ్గర ఇరుక్కుంటే నడక కాదు, అంబులెన్సు. దారి పొడుగునా మజ్జిగ పోస్తూనే ఉన్నారు. పెద్దపేగు లేనివాళ్లకి ఒంట్లో ఉప్పూ నీళ్లూ నిలవవు, ఉత్త నీళ్లు ఎన్ని తాగినా సరిపోదు. అందుకని ఎక్కడ ఉప్పు మజ్జిగ కనిపించినా గ్లాసు ఎత్తాను, మధ్యమధ్య ఓఆర్ఎస్ తాగాను. జోడుగుళ్లపాలెంలో అందరితోపాటు సముద్రంలో మునిగాను. బ్యాగ్ మీద గాలి పోయే ఫిల్టర్‌కి చిన్న స్టిక్కర్ వేసుకుంటే సరి, మునిగినా ఊడదు. నిజానికి సముద్రం కంటే మన ఊరి ఉక్కపోతే ఎక్కువ పాడుచేస్తుంది. మూడు నాలుగు రోజులు ఉండాల్సిన ఫ్లాంజ్ మే నెలలో రెండో రోజుకే చెమటకి అంచులు లేపుతుంది.

వెంకోజీపాలెం దాటాక చెయ్యి పెట్టి చూసుకుంటే మూడోవంతు. రోడ్డు పక్కన పులిహోర పంచుతున్న ఒకావిడని అడిగితే వాళ్లింట్లోకి తీసుకెళ్లింది. చిన్న బాత్రూమ్, రేకు తలుపు. దాని వెనక తుప్పు పట్టిన మేకు! దానికి ఆ ఇంటాయన లుంగీ. లుంగీ మీదే నా సంచి తగిలించి, పైట కూడా తగిలించి, రెండు నిమిషాల్లో బయటికొచ్చాను. "ఆ మేకు ఎవరు కొట్టారమ్మా?" అని అడిగితే కంగారుపడిపోయింది. "మా మావ కొట్టాడమ్మా. ఏటి, సీర సిరిగిపోనాదా?"

చూశారా కొక్కెం గారూ, మీ బీద చుట్టం ఒకాయన రేకు తలుపు వెనక పగలూ రాత్రీ డ్యూటీ చేస్తున్నాడు. మీరేమో జూమర్లున్న హాల్లో సెలవు పెట్టారు. చోటు లేదంటారా? ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌లోకి ఎప్పుడైనా వెళ్లారా? 91 మీటర్ల పడవ, లోపల గోడ కనిపించకుండా చక్రాలు, మీటలు, గొట్టాలు, వాటి మధ్యే పడకలు. అన్నిటికీ చోటు దొరికింది. మీకు కావాల్సింది రెండంగుళాలు.

బ్రిటన్‌లో కొలోస్టమీ యూకే అనే సంస్థ మీ కోసం పోరాడుతోంది తెలుసా? పబ్లిక్ టాయిలెట్లలో తలుపుకి ఒక కొక్కెం, ఒక చిన్న అరుగు, ఒక అద్దం, ఒక చెత్తబుట్ట పెట్టమని అడుగుతున్నారు. జపాన్‌లోనైతే బ్యాగ్ ఉన్నవాళ్లు వాడుకోవడానికి వేరే సింకే పెట్టి, బయట బొమ్మ కూడా వేస్తారు. నేను సింకు అడగడం లేదు. అద్దం కూడా వద్దు, వంగితే కనిపించే చోటే చుక్క పెట్టింది కదా ఆ నర్సమ్మాయి.

మీరు లేకుండా నెగ్గుకొద్దామని కూడా చూశాను. గోడకి అతికించే రబ్బరు కప్పు కొన్నాను. తడి టైలు మీద అది నాలుగు సెకన్లు నిలబడింది. తలుపు పైఅంచుకి తగిలించే రకం కొన్నాను. అది తగిలిస్తే గడియ పడదు, గడియ వేస్తే అది తగలదు.

ఇంక లాభం లేదని పోయిన ఆదివారం మా వీధి చివర హార్డ్‌వేర్ షాపుకెళ్లి మిమ్మల్నే కొన్నాను. స్టీలువారు, ముప్ఫై రూపాయలు. నా బ్యాగ్ ఒక్కదాని ఖరీదుకి మీలాంటివాళ్లు పదిమంది వస్తారు. షాపతను "ఇంట్లోకా మేడం?" అన్నాడు. "కాదు, పెళ్లికి" అన్నాను. గిఫ్టు ప్యాకింగ్ చేయమంటారా అని అడిగాడు.

వచ్చే నెల మా మేనకోడలి పెళ్లి, భీమిలి దారిలో. హాలు వేరు, తలుపు సంగతి వెళ్లి చూసొచ్చాను. రెండు బెజ్జాలున్నాయి. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఇప్పుడు ఫ్లాంజు, పేస్టు, కత్తెరతోపాటు మీరు, మీ రెండు స్క్రూలు, మా ఆయన స్క్రూడ్రైవరు ఉన్నారు. ముహూర్తానికి గంట ముందే వెళ్తాను. బాత్రూమ్‌లోంచి కిర్రుకిర్రుమని చప్పుడొస్తే కంగారుపడొద్దని మా చెల్లితో ముందే చెప్పి ఉంచాను. అది నా పొట్టలోంచి వచ్చేది కాదని కూడా చెప్పాను.

ఇట్లు,
రెండు చేతులే ఉన్న ఒక లెక్కల టీచరు

తా.క.: పెళ్లయ్యాక మిమ్మల్ని ఊడదీసుకుని రాను. ఆ కిందటి పెళ్లి తాలూకు చదివింపుల లెక్కలో వేసుకోండి.