సంతకం పెట్టిన చేతులు

తలకు నల్లటి ముసుగు, ఒంటిమీద దుప్పటి, వేళ్లకు చుట్టిన తీగలు, కాళ్ల కింద చిన్న పెట్టె. కిందపడితే కరెంటు షాక్ కొడుతుందని ఆ మనిషిని బెదిరించారు. ఇరాక్‌లోని అబూ ఘ్రైబ్ జైల్లో 2003 చివర్లో తీసిన ఈ ఫొటోను, అలాంటి మరికొన్నింటిని 2004 ఏప్రిల్ 28న సీబీఎస్ చానల్ చూపించింది. సద్దాం హుస్సేన్ హయాంలో చిత్రహింసలకు, ఉరితీతలకు పేరుపడ్డ జైలే అది. ఆ పీడ వదిలిస్తామని వచ్చిన అమెరికా సైన్యం అదే గోడల మధ్య ఖైదీలను వివస్త్రలను చేసి, ఒకరిమీద ఒకరిని పడేసి, కుక్కలను ఉసిగొల్పింది.

ఇందుకు శిక్ష పడింది పదకొండు మంది కింది స్థాయి సైనికులకు. చార్లెస్ గ్రేనర్‌కు పదేళ్లు, ఖైదీ మెడకు కట్టిన పట్టీ పట్టుకుని ఫొటో దిగిన లిండీ ఇంగ్లండ్‌కు మూడేళ్లు. జైళ్ల పర్యవేక్షణ చూసిన బ్రిగేడియర్ జనరల్ జానిస్ కార్పిన్‌స్కీ హోదా ఒక మెట్టు తగ్గించారు. సైనిక నిఘా విభాగాన్ని నడిపిన కల్నల్‌కు 8 వేల డాలర్ల జరిమానా వేశారు. కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) ఎదుర్కొన్న ఒకే ఒక్క అధికారి లెఫ్టినెంట్ కల్నల్ స్టీవెన్ జోర్డాన్ ఖైదీల హింస ఆరోపణల నుంచి నిర్దోషిగా బయటపడ్డారు. అంతకు పైన ఉన్నవారు బోను ఎక్కనే లేదు.

కింది సైనికులు అమాయకులని మేము అనడం లేదు. వారికి పడిన శిక్షలు న్యాయమైనవే. అయితే ముసుగు వేయడం, బట్టలు విప్పించడం, కుక్కల భయాన్ని వాడుకోవడం వారి బుర్రల్లో పుట్టిన ఆలోచనలు కావు. 2002 డిసెంబరు 2న అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, క్యూబాలోని తమ సైనిక స్థావరం గ్వాంటనామోలో ఉంచిన ఖైదీల కోసం ఆమోదించిన పద్ధతుల జాబితాలో ఈ మూడూ ఉన్నాయి. ఖైదీని నాలుగు గంటలకు మించి నిలబెట్టకూడదన్న చోట, తాను రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు నిలబడే పనిచేస్తానని, నాలుగు గంటల పరిమితి ఎందుకని ఆయన తన చేతిరాతతో ప్రశ్న రాశారు. ఆఫీసులో తన ఇష్టంతో నిలబడే మంత్రికీ, సంకెళ్లతో నిలబెట్టిన ఖైదీకీ తేడా కనిపించనివారి చేతిలో అంత అధికారం ఉండటం ఇప్పుడు తలుచుకున్నా భయం వేస్తుంది. ఆరు వారాల్లో ఆ ఆమోదాన్ని ఉపసంహరించుకున్నారు. కానీ పద్ధతులు ఆగలేదు. అఫ్గానిస్థాన్ మీదుగా ఇరాక్‌కు చేరాయి. గ్వాంటనామో అధిపతి జనరల్ జెఫ్రీ మిల్లర్ 2003లో ఇరాక్ వెళ్లి, ఖైదీలను ప్రశ్నించడానికి అనువుగా కాపలా సైనికులే రంగం సిద్ధం చేయాలని సలహా ఇచ్చారు. సెప్టెంబరు 14న ఇరాక్‌లోని సేనాధిపతి జనరల్ రికార్డో సాంచెజ్ జారీ చేసిన ఉత్తర్వులో కుక్కలు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. వీటన్నిటికీ ముందు, 2002 ఆగస్టులోనే, అవయవం చెడిపోయేంత బాధ కలిగితే తప్ప అది చిత్రహింస కాదని న్యాయశాఖ అధికారులు కాగితం రాసిచ్చారు. దానిమీద సంతకం పెట్టిన జే బైబీ ఆ మరుసటి ఏడాది ఫెడరల్ అప్పీళ్ల కోర్టు న్యాయమూర్తి అయ్యారు.

మన పిల్లలకు చెప్పే ఏడు చేపల కథలో, ఎండని చేప దగ్గర ప్రశ్న ఆగదు. గడ్డిమోపును, ఆవును, గొల్లవాడిని, అవ్వను వరసగా అడుగుతూ చీమ దాకా వెళుతుంది. అబూ ఘ్రైబ్‌లో విచారణ మొదటి చేప దగ్గరే ఆగిపోయింది. ఖైదీల హింసకు కొందరు సైనికుల సొంత ప్రవర్తనే కారణమని చెప్పి సరిపెట్టుకోలేమని అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2008 డిసెంబరులో స్పష్టంగా రాసింది. ఆ కమిటీలో వియత్నాంలో స్వయంగా చిత్రహింసలు అనుభవించిన జాన్ మెక్‌కెయిన్ కూడా ఉన్నారు. అయినా ప్రశ్న ముందుకు సాగలేదు. వెనక్కి చూడటం కంటే ముందుకు చూడటమే మేలని 2009లో కొత్త అధ్యక్షుడు ఒబామా అన్నారు.

2004 మే 7న సెనేట్ ముందు రమ్స్‌ఫెల్డ్ పూర్తి బాధ్యత తనదేనని చెప్పారు. బాధితులకు పరిహారం ఇప్పిస్తామన్నారు. ఆ తర్వాత రెండున్నరేళ్లు అదే కుర్చీలో ఉన్నారు. బాధ్యత తీసుకోవడమంటే ఏమిటో ఆయన దేశమే 1946లో ప్రపంచానికి చూపించింది. ఫిలిప్పీన్స్‌లో జపాన్ సేనలు చేసిన అకృత్యాలను అదుపు చేయలేదన్న నేరానికి జనరల్ యమషితాను అమెరికా సైనిక కమిషన్ విచారించింది. ఆయన స్వయంగా ఆదేశించారని రుజువు కాలేదు. అయినా శిక్షను అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది, ఫిబ్రవరి 23న ఉరి తీశారు. ఆ విచారణ హడావుడిగా జరిగిందన్న విమర్శ న్యాయమైనదే. కానీ తన కిందివారి నేరం తెలిసీ, తెలుసుకోవలసి ఉండీ ఆపని అధిపతి దోషే అన్న సూత్రం అక్కడి నుంచే బలపడి, నేటి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు శాసనం దాకా వచ్చింది. ఓడినవాడి మెడకు బిగించిన ఉరితాడు గెలిచినవాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదులైపోవాలి?

వేల మైళ్ల దూరంలో కూర్చున్న మంత్రికి జైల్లో రాత్రిపూట జరిగేది ఎలా తెలుస్తుందని అడిగేవారు ఉన్నారు. 2003 అక్టోబరులోనే రెడ్‌క్రాస్ ప్రతినిధులు ఆ జైలుకు వెళ్లి, చూసినదాన్ని సైనికాధికారులకు చెప్పారు. 2004 జనవరిలో జోసెఫ్ డార్బీ అనే సైనికుడు ఫొటోల సీడీని దర్యాప్తు విభాగానికి అప్పగించాడు. అతని పేరును సెనేట్ విచారణలో బయటపెట్టింది రమ్స్‌ఫెల్డే. బెదిరింపులతో ఆ కుటుంబం సొంత ఊళ్లో ఉండలేకపోయింది. దర్యాప్తు చేసి, ఉన్నదున్నట్టు రాసిన మేజర్ జనరల్ ఆంటోనియో తగూబా 2007లో పదవీ విరమణ చేయవలసి వచ్చింది. యుద్ధ నేరాలు జరిగాయనడంలో ఇక సందేహం లేదని, ఆదేశించినవారిని జవాబుదారీ చేస్తారా లేదా అన్నదే మిగిలిన ప్రశ్న అని ఆయన 2008లో రాశారు.

ఈ విషయంలో మన ఉపఖండం చేతులూ శుభ్రంగా లేవు. 1971 యుద్ధంలో చేసిన నేరాలకు బంగ్లాదేశ్ విచారిస్తామన్న 195 మంది పాకిస్థానీ యుద్ధ ఖైదీలు 1974 నాటి మూడు దేశాల ఒప్పందంతో ఇళ్లకు వెళ్లిపోయారు. కార్గిల్‌లో పట్టుబడ్డ కెప్టెన్ సౌరభ్ కాలియా, మరో ఐదుగురు జవాన్ల మృతదేహాలు 1999 జూన్‌లో చిత్రహింసల గుర్తులతో తిరిగివచ్చాయి. నేటికీ ఏ పాకిస్థానీ అధికారీ జవాబు చెప్పలేదు. ఆ జవాబు అడిగే గొంతు గట్టిగా ఉండాలంటే, 1997లో సంతకం చేసి పక్కన పెట్టిన ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికను మన పార్లమెంటు ముందుగా ధ్రువీకరించాలి.

2024 నవంబరులో వర్జీనియాలోని ఒక జ్యూరీ, అబూ ఘ్రైబ్‌లో హింసకు గురైన ముగ్గురు ఇరాకీలకు 4.2 కోట్ల డాలర్లు చెల్లించాలని ఖైదీలను ప్రశ్నించే సిబ్బందిని అమెరికా సైన్యానికి సమకూర్చిన సీఏసీఐ అనే కాంట్రాక్టు కంపెనీని ఆదేశించింది. 2008లో వేసిన దావా అది. పదహారేళ్లు పట్టు వదలని ఆ ముగ్గురికి మా వందనం. కానీ అది ఒక కంపెనీ మీద వచ్చిన తీర్పు. ప్రభుత్వాన్ని అది తాకలేదు.

మనదెల్ అల్ జమాదీ అనే ఖైదీ 2003 నవంబరు 4న అదే జైలు స్నానాల గదిలో, చేతులు వెనక్కి విరిచి కిటికీకి కట్టేసిన స్థితిలో, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ విచారణలో చనిపోయాడు. శవాన్ని మంచులో పెట్టారు. అది హత్యేనని సైనిక వైద్యులు తేల్చారు. ఆ శవం పక్కన నవ్వుతూ ఫొటో దిగిన సైనికులు ఇతర దురాగతాలకు జైలుకెళ్లారు. అతని ప్రాణం తీసినందుకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు. 2012లో ఫైలు మూసేశారు. 1996 నాటి అమెరికా యుద్ధ నేరాల చట్టం కింద, ఖైదీ మరణానికి దారితీసిన నేరానికి కాలపరిమితి లేదు. ఆ ఫైలు మళ్లీ తెరవాలి. కిటికీకి కట్టిన చేతుల దగ్గర మొదలైన ప్రశ్నలు వాషింగ్టన్‌లో సంతకం పెట్టిన చేతుల దాకా వెళ్లాలి.